నర్సమ్మ ఎంచిన సంచి

పోయిన నెలలో నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి ఫోన్ చేసింది. కొత్తగా కెమెరా కొనుక్కుందట. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే తిరుగుళ్లకు చిన్న సంచి కావాలి, ఏది కొనమంటారని అడిగింది. నాకు తెలిసిందంతా చెప్పాను. నల్లది వద్దన్నాను. వీపు మీద వేసుకునేది అసలే వద్దు, పొట్ట ముందుకు వేలాడాలి, నీ రెండు చేతులూ ఎదుటివాళ్లకు కనబడుతూ ఉండాలి అన్నాను. లాగితే బర్రుమనే అంటుపట్టీ ఉన్నది కొనకు, కుక్కలు ఉలిక్కిపడతాయి అన్నాను. ఒక కెమెరా, ఒక లెన్సు పడితే చాలు, ఇంకోదానికి జాగా ఉంటే ఇంకోటి పెడతావు అన్నాను. ఆ అమ్మాయి, "మేడం, నేను వానకు తడవకుంట ఏది మంచిగుంటదని అడుగుతున్న" అంది.

ఫోన్ పెట్టేశాక తెలిసింది, చెప్పినదాంట్లో ఒక్క మాట కూడా నాది కాదని. అన్నీ మా కింది వాటాలో ఉన్న నర్సమ్మవి. ఆమె పోయి అప్పటికి రెండు నెలలు.

ఆమెకు పేరు లేక కాదు. నర్సుగా పనిచేసింది కాబట్టి గల్లీ అంతా నర్సమ్మ అనేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. రాతలో పేరు పడటం ఆమెకు ఇష్టం ఉండేది కాదు. పింఛను కాగితం మీద తన పేరు అచ్చులో చూసినా, "గిది ఎవలెవలు చదువుతరో ఏమో" అని నాలుగు మడతలు పెట్టి బియ్యం డబ్బా కింద దాచేది.

ఆమె భయస్తురాలు. ఈ మాట నేను చాటున అనడం లేదు, తనే అందరికీ చెప్పుకునేది. వేరేవాళ్లు ఆకలైతాంది, దూపైతాంది అన్నట్టు ఆమె "భయమైతాంది" అనేది. దాచుకునేది కాదు, సిగ్గుపడేది కాదు. కుక్కలంటే భయం, ఉరుమంటే భయం, లిఫ్టంటే భయం, రైలు పట్టాలు దాటాలంటే భయం. ఏ ఇంట్లోకి వెళ్లినా కూర్చునే ముందు వెనక దర్వాజ ఎక్కడుందో అడిగేది. భయం వేసినప్పుడు అందరి గొంతూ పైకి లేస్తుంది కదా, ఆమెది కిందికి దిగేది. మాట నెమ్మదిగా, ఒక్కొక్కటిగా, చిన్నపిల్లలకు అన్నం ముద్దలు పెట్టినట్టు వచ్చేది. కింది పెదవి మాత్రం వణుకుతూ ఉండేది. ఆ పెదవి చూడకుండా గొంతు మాత్రమే వింటే ఇంత నిబ్బరం గల మనిషి ఎవరా అనుకుంటారు.

రాష్ట్రం వచ్చిన ఏడాది నాకు మహబూబ్‌నగర్‌కు బదిలీ అయింది. మాది నార్కట్‌పల్లి దగ్గర. ఇక్కడి కాలేజీలో చరిత్ర పాఠం చెప్పడానికి వచ్చి, ఆమె ఇంటి పైవాటాలో కిరాయికి దిగాను. ఆదివారాలు స్కూటీ వేసుకుని పల్లెలకు వెళ్లి వీరగల్లులకు ఫోటోలు తీసేదాన్ని. పూర్వం పశువుల మందను కాపాడబోయో, ఊరి కోసం పోట్లాడో చనిపోయినవాళ్ల గుర్తుగా నిలబెట్టిన రాళ్లవి. కత్తి పట్టిన మనిషి బొమ్మ చెక్కి ఉంటుంది. ఇప్పుడు కొన్నింటికి పసుపు పూసి మొక్కుతారు, కొన్నింటి మీద బట్టలు ఉతుకుతారు.

మూడో ఆదివారమో నాలుగో ఆదివారమో నేను స్కూటీ తీస్తుంటే ఆమె కొంగు నడుముకు దోపుకుని, చేతిలో గొడుగుతో గేటు దగ్గర నిలబడి ఉంది.

"నేను గూడ వస్త బిడ్డా."

"ఎండ పెద్దమ్మా. నీకెందుకు?"

"నువ్వొక్కదానివే పోతె ఇంట్ల కూసుండి నాకు భయమైతాంది. నీతోని వస్తె బయట భయమైతది. బయటి భయమే జర నయం."

ఆ రోజు మొదలు నాలుగేళ్లు వచ్చింది. వెనక సీటు మీద ఒక పక్కకు కూర్చుని, నా భుజం పట్టుకుని, దారి పొడుగునా ఎదురొచ్చే లారీలను ముందే చెప్పేది. "లారీ వస్తాంది. పెద్దది. ఇగో వచ్చె. పోయింది." నేను చూస్తూనే ఉన్నానని ఎన్నిసార్లు చెప్పినా ఆపేది కాదు.

ఆమె ఉద్యోగమంతా ఊరూరా తిరిగి పిల్లలకు సూదులు వేయడం. మంచు పలకల మధ్య మందు సీసాలు పెట్టిన నీలం డబ్బా ఒకటి భుజానికి వేసుకుని ముప్పై ఏళ్లకు పైగా తిరిగింది. కూలి చేసుకునే ఇంట్లో పుట్టి, చర్చి హాస్టల్లో చదివి ఆ ఉద్యోగం తెచ్చుకుంది. ఎక్కడైనా నీళ్లు తాగడానికి ఆగినప్పుడు ఆ డబ్బా సంగతులు చెప్పేది.

"నేను ఊళ్లె అడుగుపెడితె నా మొఖం ఎవ్వలూ చూడకపోదురు. నా భుజం చూద్దురు. డబ్బా కనపడంగనే తల్లులు పిల్లల్ని సంకల ఏసుకొని జొన్నచేన్లల్లకు ఉరికేది. అప్పుడేమనుకున్న? డబ్బాను గుడ్డసంచిల పెట్టి, పైనకెల్లి పుంటికూర కట్ట కనపడేటట్టు పెట్టుకొని పోయిన. కూరగాయలామె అనుకొని దగ్గరికొచ్చిండ్రు. రెండు మూడు వారాలు మంచిగనే నడిచింది."

"తర్వాత?"

"తర్వాత ఒక పిల్లగానికి సూది ఏసినంక జరమొచ్చింది. సూదికి జరం వస్తది, అది మామూలే. కని ఇది దొంగతనంగ వచ్చి సూది గుచ్చిపోయిందని నన్ను బడి గదిల పెట్టి గొళ్లెం పెట్టిండ్రు. పొద్దుగూకేదాంక. కిటికీలకెల్లి ఒక్కొక్కలు తొంగిచూసుడు. అప్పుడు నాకు ఇరవై మూడేండ్లు. బిడ్డా, ఆ దినం తెలిసింది. దాచిపెట్టుకపోతె జనం ఇంక ఎక్కువ భయపడుతరు. భయపడ్డోళ్లు ఏమన్న చేస్తరు."

అందుకే నా కెమెరా సంచి మీద ఆమెకు మొదటి నుంచీ పట్టింపు. మొదట నా దగ్గర కెమెరాతో పాటు వచ్చిన చిన్న బూడిదరంగు సంచి ఉండేది. అది చిరిగిపోయాక హైదరాబాదు వెళ్లి పెద్ద నల్ల బ్యాగు తెచ్చాను. వీపుకు వేసుకునేది. మూడు లెన్సులు, ఫ్లాష్, మూడుకాళ్ల స్టాండు, టిఫిను, నీళ్లు అన్నీ పడతాయి. ఆమె దాన్ని వరండాలో గోడకు ఆనించి, దూరం జరిగి, నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది.

"గంత నల్లగ, గంత పెద్దగ ఎందుకు? మనం పోయేది పొద్దుగాల, వచ్చేది మాపటికి. రాయి ఒక్కటే కదా, మూడు కండ్లు ఎందుకు దానికి?"

లెన్సులను ఆమె కళ్లు అనేది. నేను నవ్వి ఊరుకున్నాను. ఊరుకోవలసింది కాదు.

ఆ వేసవిలోనే ఫోన్లలో పుకార్లు మొదలయ్యాయి. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని, బిస్కెట్లు ఇచ్చి మత్తు పెట్టి సంచుల్లో వేసుకుపోతున్నారని, ఎక్కడివో ఏ దేశానివో తెలియని వీడియోలు ఊరూరా తిరిగాయి. కొత్త మనిషి కనబడితే చాలు, పట్టుకుని కొడుతున్నారని రోజూ పేపర్లో వస్తోంది. నమ్మవద్దని పోలీసులు మైకులు పెట్టి చెబుతున్నారు. ఆ శనివారం ఆమె పైకి వచ్చి, "ఈ నెల పోవద్దు. నాకు మస్తు భయమైతాంది" అంది. ఆమెకు భయం కానిది ఏముందని నేను ఆ మాటను లెక్క చేయలేదు. జడ్చర్ల దాటి కల్వకుర్తి వెళ్లే రోడ్డు నుంచి లోపలికి ఒక ఊరిలో మంచి వీరగల్లు ఉందని అంతకు ముందు వారమే ఎవరో చెప్పారు. రేపే వెళ్తానన్నాను. తెల్లవారి చూస్తే గేటు దగ్గర గొడుగుతో నిలబడి ఉంది.

స్కూటీ నడిపేది నేను కాబట్టి నల్ల బ్యాగు ఆమె వీపుకు తగిలించాను. అరవై దాటిన మనిషి, ముడి వేసిన తెల్లజుట్టు, వీపు మీద నడుము కిందికి వేలాడే నల్ల బ్యాగు. వెనక నుంచి ఎలా కనబడుతుందో నేను చూడలేదు.

ఊరి చివర గొర్రెల దొడ్డి పక్కనే ఆ రాయి. దాని ఎదురుగా చిన్న రేకుల ఇల్లు. గొర్రెలు మేతకు పోయాయి, దొడ్డి ఖాళీ. నేను గొడ్డలి పట్టిన వీరుడి బొమ్మ మీద దుమ్ము తుడిచి ఫోటోలు తీసుకుంటున్నాను. ఆ ఇంటి పిల్ల, నాలుగేళ్లు ఉంటాయి, చెడ్డీతో వచ్చి మా దగ్గర నిలబడింది. నర్సమ్మ అలవాటు కొద్దీ దాని జబ్బ మీద సూది మచ్చ చూసింది, నాలుక చూసింది. "రక్తం తక్కువున్నది పిల్లకు" అని, బ్యాగు దించి, పక్క అరలోంచి బిస్కెట్ ప్యాకెట్ తీసి ఒకటి చేతిలో పెట్టింది.

తల్లి అప్పుడే బయటికి వచ్చింది. ఇరవై రెండేళ్లు కూడా ఉండవు. ఆమె ముఖం నాకు ఇప్పటికీ కనబడుతుంది. పిల్లను చూసింది, బిస్కెట్ చూసింది, తెరిచి ఉన్న నల్ల బ్యాగు చూసింది. ఆ అరుపు మనిషి అరుపులా లేదు. పరుగెత్తుకొచ్చి పిల్ల నోట్లో వేలు పెట్టి బిస్కెట్ ముక్క బయటికి తీసి, పిల్లను చంకనేసుకుని వెనక్కి వెనక్కి పోతూ అరుస్తూనే ఉంది.

జనం ఎక్కడి నుంచి వచ్చారో తెలియదు. అంతసేపూ నిర్మానుష్యంగా ఉన్న చోట ఐదు నిమిషాల్లో ముప్పై మంది అయ్యారు. ఒకడు నా స్కూటీ తాళంచెవి గుంజుకున్నాడు. ఇంకొకడు ఫోన్ లాక్కున్నాడు.

"ఏ ఊరే మీది?"

"పాలమూరు. నేను కాలేజీల సారును… మేడంను" అన్నాను. నాలుక తడబడింది. అది కూడా వాళ్లు పట్టుకున్నారు.

"సారంటది, మేడమంటది! కార్డు చూపియ్యి."

చూపించాను. "ఇసొంటి కార్డులు దొంగవి గూడ చేస్తరు" అన్నారెవరో. వెనక నుంచి ఎవరో నా జడ పట్టి లాగారు. ఒక రాయి వచ్చి చీలమండకు తగిలింది. నొప్పి తెలియలేదు, చెప్పులో తడిగా అనిపించింది. లావుపాటి కర్ర పట్టుకున్న మనిషి ఒకడు అందరినీ తోసుకుని ముందుకు వచ్చాడు. అతని చేతి నరాలు ఉబ్బి ఉన్నాయి. నాకు ఆ చెయ్యి తప్ప ఇంకేమీ కనబడటం లేదు. చనిపోతామని నాకు స్పష్టంగా తెలిసింది. మా అమ్మకు ఎవరు చెబుతారా అనుకున్నాను.

"బ్యాగు తెరువు" అన్నాడు కర్ర మనిషి.

నర్సమ్మ నేల మీద కూలబడింది. కాళ్లు ఆగక కూలబడిందనే అనుకున్నాను. కానీ కూర్చుని, బ్యాగును ఒడిలోకి తీసుకుంది. కింది పెదవి వణుకుతోంది. గొంతు మాత్రం బాగా కిందికి, నెమ్మదిగా వచ్చింది.

"చూపిస్త నాయినా. అన్ని చూపిస్త. ఒక్కొక్కటి తీస్త, మీరే చూడుండ్రి. కింద పెడితె దుమ్ము పోయి ఖరాబైతది. జర పట్టుకోండ్రి."

మొదట కెమెరా తీసి ఆ కర్ర మనిషి వైపు చాచింది. అతను ఒక చేత్తో అందుకోబోయాడు.

"రెండు చేతులతోని పట్టు కొడుకా. బరువుంటది. పడితె పలుగుతది."

అతను ఒక క్షణం ఆగాడు. తర్వాత కర్రను నేల మీద పెట్టి, రెండు చేతులతో కెమెరా పట్టుకున్నాడు.

పక్క మనిషికి పెద్ద లెన్సు. "ఇది అద్దం. దీని మొఖం ముట్టుకోవద్దు తమ్మీ, అంచులు పట్టుకో." అతను చేతిలోని రాయి వదిలేసి లెన్సు పట్టుకున్నాడు. ఇంకొకరికి చిన్న లెన్సు. ఇంకొకరికి ఫ్లాష్. స్టాండు మాత్రం మగవాళ్లకు ఇవ్వలేదు, ముందు నిలబడ్డ ఒక ముసలామెకు ఇచ్చింది. "అవ్వా, ఇది నువ్వు పట్టుకో, నీకు ఊతమైతది." కొలత టేపు ఒకరికి, నోటుపుస్తకం ఒకరికి, బ్యాటరీలు ఒకరికి, కుంచె ఒకరికి, గొడుగు ఒకరికి, నీళ్ల సీసా ఒకరికి. టిఫిన్ డబ్బా మూత తీసి జొన్నరొట్టెలు, పల్లీల తొక్కు చూపించి మరీ అందించింది. వడదెబ్బకని పెట్టుకున్న ఉల్లిగడ్డ కూడా తీసి ఒకరి చేతిలో పెట్టింది. ప్రతిదానికీ పేరు, అది ఎందుకో, ఎలా పట్టుకోవాలో చెప్పింది. నాకు చెవుల్లో హోరు తగ్గి మాటలు వినబడటం మొదలైంది అప్పుడే. మా చుట్టూ ముందు వరసలో ఉన్నవాళ్లెవరి చేతులూ ఖాళీగా లేవు.

చివరికి బ్యాగు బోర్లించి దులిపింది. బిస్కెట్ పొడి రాలింది.

"అయిపోయినయి. ఇంకేం లేదు. గింతే."

"గంత సంచి ఎందుకు మల్ల?" అని వెనక నుంచి ఒక గొంతు. "పిల్ల పడుతది దాంట్ల."

అందరూ ఖాళీ బ్యాగు వైపు చూశారు. నేనూ చూశాను. నిజమే, పడుతుంది. నాలుగేళ్ల పిల్ల ముడుచుకుంటే సరిగ్గా పడుతుంది.

"అవు నాయినా" అంది నర్సమ్మ. "పడుతది. నేను గూడ గదే అన్న, ఇంత పెద్దది వద్దని. మాది తప్పే. ఈ దినాలల్ల ఇసొంటి సంచి ఏసుకొని రావద్దు. పిల్లకు అడగక బిస్కెట్ ఇచ్చుడు గూడ తప్పే. పోలీసోళ్లను పిలువుండ్రి. వాళ్లొచ్చేదాంక నేను గీడనే కూసుంట. యాడికి పోను."

ఆమె కాదంటుందని ఎదురుచూస్తున్నవాళ్లకు ఆ జవాబుతో ఎటు పోవాలో తోచలేదు. కర్ర మనిషి కెమెరా వైపు చూసి, "ఇది పట్టుకొని ఎంతసేపు నిలబడాలె?" అన్నాడు. ఎవరో చిన్నగా నవ్వారు. ఆ నవ్వు తర్వాత ఇంకో రాయి రాలేదు. పంచాయతీ మనిషి ఎవరో ఫోన్ చేశాడట, ముప్పావు గంటకు జీపు వచ్చింది. అంతసేపూ వాళ్లు ఆ వస్తువులను పట్టుకునే ఉన్నారు. పోలీసులు దిగాక ఒక్కొక్కరే వచ్చి, ఒక్కటీ తగ్గకుండా, ఆమె ఒడిలో పెట్టారు. పిల్ల తల్లి మాత్రం తన ఇంటి గోడకు ఆనుకుని, పిల్లను రెండు చేతులతో అదుముకుని, మొదటి నుంచి చివరి దాకా అలాగే ఉంది.

నా ఫోన్ ఇప్పించి మమ్మల్ని జీపెక్కించారు, స్కూటీని ఒక కానిస్టేబులు వెనక నడుపుకొచ్చాడు. జీపు రోడ్డెక్కాక నర్సమ్మ కిటికీలోంచి వాంతి చేసుకుంది. ఆమె చీర వెనక భాగం తడిసి ఉంది. నేను కొంగు కప్పాను. ఇద్దరం ఆ విషయం ఎప్పుడూ మాట్లాడుకోలేదు. సూదులేసేటప్పుడు ఏడ్చే తల్లి చేతికి ఏదో ఒకటి, దూదో, కార్డో, పట్టుకోమని ఇచ్చేదాన్నని, చేతిలో ఏదన్నా ఉంటే మనిషి చెయ్యి ఎత్తడని, చాలా రోజులకు చెప్పింది.

ఆ తర్వాత ఆమె గేటు దాటలేదు. జూన్, జూలై, ఆగస్టు గడిచాయి. ఎవరైనా తలుపు తడితే బదులిచ్చేది కాదు, నేను పై నుంచి పిలిస్తేనే తీసేది. నా చీలమండ గాయం మానింది. నల్ల బ్యాగును మంచం కింద తోసేశాను. మళ్లీ ఫోటోలకు వెళ్లలేదు. కాలేజీలో వెనక నుంచి ఎవరైనా పిల్లలు "మేడం" అని పరుగెత్తుకొస్తే గోడకు అతుక్కుపోయేదాన్ని.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం ఆమే పైకి వచ్చింది.

"సంచి కొందాం పా."

"నేను పోను పెద్దమ్మా ఇంక."

"పోకున్నా సరే. చిన్నది ఒకటి ఉండని."

క్లాక్ టవర్ దగ్గర బ్యాగుల దుకాణాలన్నీ తిరిగాం. దుకాణదారు ఒకటి చూపించగానే అది నా మెడలో వేసి, "రోడ్డు అవుతలికి పోయి అక్కడికెల్లి నడిచి రా. నాకు భయమైతదో లేదో చూస్త" అనేది. నేను రోడ్డు దాటి, ఆటోల మధ్య నుంచి ఆమె వైపు నడిచి వచ్చేదాన్ని. ఆమె కళ్లు చిట్లించి నన్ను కాదు, సంచినే చూసేది. "ఊహూ. ఇది పోలీసోళ్ల లెక్క ఉన్నది." ఇంకోటి. "ఇది బర్రుమంటాంది." ఇంకోటి. "దీంట్ల ఏమున్నదో తెలుస్తలేదు. తెలువకుంటె మనసుల ఏదేదో వస్తది." జనం ఆగి చూస్తున్నారు. దుకాణదారు నవ్వుతున్నాడు. నాకు సిగ్గు వేయలేదు. ఆ నాలుగు నెలల్లో మొదటిసారి ఆ రోడ్డు మీద నేను వెనక్కి తిరిగి చూసుకోకుండా నడిచాను.

చివరికి బస్టాండు దగ్గర జిప్పులు కుట్టే మనిషి దగ్గర కూర్చుంది. ఆకుపచ్చ గుడ్డ ఎంచింది. జానెడు వెడల్పు, జానెడున్నర పొడుగు, లోపల మెత్తటి దూది అట్ట, మెడలోంచి పొట్ట ముందుకు వేలాడే పట్టీ. ముందు వైపు మాత్రం గుడ్డ కాకుండా మందపాటి తెల్ల ప్లాస్టిక్కు, అవతలిది కనబడేది, వేయమంది.

"లోపల కెమెరా ఉన్నట్టు దొంగలకు తెలిసిపోతది కదనమ్మా" అన్నాడు కుట్టేవాడు.

"దొంగ గుంజుకపోతె కెమెరా ఒక్కటే పోతది. నువ్వు కుట్టు."

అతను కుట్టాడు. కెమెరా పెట్టి చూస్తే అద్దాల బీరువాలో పెట్టినట్టు ఉంది. నేను రోడ్డు అవతలికి వెళ్లి నడిచి వచ్చాను. ఆమె చాలాసేపు చూసి తల ఊపింది. తర్వాత అంది, "ఇగ ఆ ఊరికి పోదాం."

వద్దన్నాను, ఏడ్చాను కూడా. ఆమె వణుకుతూనే చెప్పింది.

"ఆ పిల్లతల్లిని అట్ల ఇడిసిపెట్టి వచ్చినం బిడ్డా. అందరికీ ఒక్కొక్కటి పట్టుకోమని ఇచ్చిన. ఆమెకేం ఇయ్యలే. మనం జీపెక్కి వచ్చినం. ఆమె ఆ ఇంట్లనే ఉన్నది."

పత్తి ఏరే రోజులు. మేం వెళ్లేసరికి ఊరంతా చేలలో ఉంది. స్కూటీని ఊరి మొదట్లోనే ఆపి నడిచాం. కనబడ్డ ఇద్దరు ముగ్గురు ముసలివాళ్లు మమ్మల్ని గుర్తుపట్టారు, తల దించుకున్నారు. ఆ ఇంటి ముందుకు రాగానే వాకిట్లో ఉన్న తల్లి మమ్మల్ని చూసింది. పిల్లను లోపలికి లాగి తలుపు వేసింది. గొళ్లెం పడిన చప్పుడు వినిపించింది.

నర్సమ్మ తలుపు దగ్గరికి పోలేదు. వాకిలి అంచున, దూరంగా, కింద కూర్చుంది. నేనూ కూర్చున్నాను.

"తలుపు తియ్యకు బిడ్డా" అంది గట్టిగా, లోపలికి వినబడేటట్టు. "తియ్యమని రాలేదు. ఆనాడు నిన్నడగకుంట నీ పిల్లకు తినేది ఇచ్చిన. నాదే తప్పు. గది చెప్పిపోదామని వచ్చిన."

రేకుల మీద ఎండ. ఆ కర్ర మనిషి ఏ మూల నుంచి వస్తాడోనని నేను దారి వైపే చూస్తున్నాను.

"మిమ్ముల కొట్టిండ్రా?" లోపలి నుంచి సన్నగా వచ్చింది.

"నన్ను కొట్టలే. మా మేడంకు కాలికి జర తాకింది. మానిపోయింది."

"నేనే మొత్తుకున్న" అంది లోపలి గొంతు. తలుపుకు దగ్గరగా వచ్చినట్టుంది. "మీరు సచ్చిపోతుండె. నాకు నిద్ర పడుతలేదు. కండ్లు మూస్తె మీ సంచే కనపడుతది. ఒకపారి పిల్ల దాంట్ల ఉన్నట్టు. ఒకపారి మీరు నెత్తుర్ల ఉన్నట్టు."

"నాకు గూడ పడుతలేదు. నేను నాలుగైదు నెలల సంది దర్వాజ తియ్యలే ఎవ్వలకు."

"మరి గిప్పుడెట్ల వచ్చిండ్రు?"

"భయపడుకుంటనే వచ్చినం."

పక్కనున్న చిన్న కిటికీ రెక్క కొద్దిగా తెరుచుకుంది. ముఖం కనబడలేదు. ఒక చెయ్యి నీళ్ల చెంబు తెచ్చి కిటికీ అంచు మీద పెట్టి లోపలికి పోయింది. నర్సమ్మ లేచి వెళ్లి, చెంబు ఎత్తి సగం తాగి, మిగతాది నాకిచ్చింది. చెంబు తిరిగి అక్కడే పెట్టి, కిటికీకి ఒక పక్కగా, తన ముఖం లోపలికి కనబడకుండా నిలబడింది.

"పిల్లకు ఐదేండ్ల సూది ఏపిచ్చినవా?"

"ఇంక లే. ఐదు పోయిన నెలనే నిండినయి. సూదంటె భయమైతది నాకు. దానికంటె నాకే ఎక్కువ."

"అందరికీ అయితది. నువ్వు మొఖం అటు తిప్పుకో, ఏమి కాదు. జరమొస్తది ఒక దినం, తడిగుడ్డ ఎయ్యి, భయపడకు. సూదులు యాడన్న బుధవారమే ఏస్తరు, వచ్చే బుధవారం మీ ఊరికి నర్సు వస్తది. పొద్దుగాలకెల్లి రెండు గంటల దాంక ఉంటది. ఎత్తుకొని పో."

లోపలి నుంచి పోతానని గానీ పోనని గానీ రాలేదు. తలుపు తెరుచుకోలేదు. మేం కాసేపు చూసి వచ్చేశాం.

ఆ బుధవారం నాకు కాలేజీ లేదు. పొద్దున్నే నర్సమ్మ కింద మెట్ల మీద వచ్చి కూర్చుంది. వాళ్ల ఊరి నర్సు ఎవరో ఆమెకు తెలియదు, ఫోన్ నంబరు లేదు, పిల్లకు సూది పడిందో లేదో తెలుసుకునే దారి ఏదీ లేదు. అయినా ఒడిలో గోడ గడియారం పెట్టుకుని అలాగే కూర్చుంది. నేను టీ తెచ్చిస్తే పక్కన పెట్టుకుంది, తాగలేదు. పది అయింది, పన్నెండయింది. గల్లీలో ఎవరో ఏమైందని అడిగితే, "ఒక పిల్లను సూదికి తోలిన, చూస్తున్న" అంది. రెండు దాటాక, సూదుల వేళ అయిపోయిందని లేచింది. నడుం పట్టుకుని లోపలికి వెళ్లి, పొయ్యి వెలిగించి ఎసరు పెట్టింది.